కొలిమి లేని కాక



మా పొందూరులో ఇండక్షన్ పొయ్యి ఇప్పుడు అందరు ఎరిగిన వస్తువే. దానిమీద ఇనుప పెనము పెట్టినచో నిమిషములో కాగును. అదే పొయ్యిమీద పెద్దలనాటి ఇత్తడి గిన్నెను గాని రాగి చెంబును గాని పెట్టినచో, పొయ్యి రెండు మూడు మారులు కూతపెట్టి ఊరకుండును. ఇది చూచినవారు రాగికిని ఇత్తడికిని ఈ విధమైన వేడి పట్టదని నిశ్చయించుకొనుట సహజము. కాని ఏసీ యంత్రములలోను ఫ్రిజ్జులలోను మెలికలు తిరిగియుండు రాగి గొట్టమును తయారుచేయు కర్మాగారములలో, ఆ గొట్టమును మెత్తబరచుటకు వాడు సాధనములలో ఈ ఇండక్షన్ ఒకటి. వంటింటిలో రాగిని తాకనొల్లని శక్తియే అక్కడ ఆ రాగిని కొన్ని సెకనులలో ఐదారువందల డిగ్రీలకు తెచ్చుచున్నది. ఇది యెట్లు పొసగునో, మన శ్రీకాకుళ ప్రాంతమున తరతరములుగా ఇత్తడిని కొట్టి జీవించుచున్న కంచరులకు దీనివలన ఏమి ప్రయోజనము కలుగగలదో నేడు మీకు విన్నవింపదలచినాను.

ముందుగా, గొట్టమును మెత్తబరచవలసిన అగత్యమేల కలిగినదో తెలిసికొందము. లోహము పైకి ఏకఘనముగా కనబడినను, అది కంటికి ఆనని చిన్న చిన్న స్ఫటికముల కూర్పు. ప్రతి స్ఫటికములోను పరమాణువులు వరుసలు తీరి యుండును. ఆ వరుసలలో అక్కడక్కడ క్రమము తప్పిన తావులు ఉండును. లోహము వంగినను, సాగినను, ఈ క్రమము తప్పిన తావులు ఒకచోటినుండి వేరొకచోటికి జరుగుటచేతనే వంగును, సాగును. చల్లగానున్న లోహమును కొట్టినకొలది, లాగినకొలది అట్టి తావులు అసంఖ్యాకముగా పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడి, చిక్కుకొని, తుదకు కదలిక లేని స్థితికి వచ్చును. అప్పుడు లోహము గట్టిపడినదందుము. అంతటితో ఆపక ఇంకను కొట్టినయెడల అది వంగదు, పగులును. రాగి గొట్టమునకు జరుగునదియు ఇదే. మొదట లావుగా, దళసరిగా పుట్టిన గొట్టమును, లోపల ఒక గుండును నిలిపి, అంతకంతకు ఇరుకైన అచ్చులగుండ చల్లగానే లాగుదురు. ఒక్కొక్క అచ్చు దాటినకొలది గొట్టము సన్నబడును, పొడవగును, దాని గోడ పలుచబడును. దానితోపాటు గట్టితనమును పెరుగును. అట్టి గొట్టమును వంచబోయినచో నడుమ నలిగి నొక్కుపడును. దాని అంచును విప్పబోయినచో చీలిపోవును.

పరమాణువుల వరుసలను గూర్చి ఎవరును చెప్పకమునుపే మన కంచరులు ఈ సంగతిని చేతితోను చెవితోను తెలిసికొనియుండిరి. సారవకోట మండలములోని బుడితి గ్రామము ఇత్తడి, కంచు పనులకు పేరుగాంచి భౌగోళిక గుర్తింపును సైతము పొందినది. ఇత్తడి రేకును కొట్టి పాత్రగా మలచు కంచరి యొద్ద కొంతసేపు నిలిచి చూడుడు. దాగలిమీద రేకును వ్రేలి మొనలతో కొద్దికొద్దిగా త్రిప్పుచు, దెబ్బ ప్రక్క దెబ్బ పడునట్లు వరుసగా కొట్టుకొని పోవును. మొదట దెబ్బ మెత్తగా, మూగగా పలుకును. పోనుపోను ఆ పలుకు సన్నబడి ఖంగుమనును. సుత్తె చేతిలో ఎగిరిపడ నారంభించును. అప్పుడాతడు ఎవరును చెప్పకయే పని ఆపి, పట్టకారుతో రేకును తీసి నిప్పులలో పెట్టును. కాగిన రేకు ఎఱుపు ఎట్టిదో ఎండవెలుతురులో తెలియదు. అందుచేతనే కొలిమి చెంత కొంత చీకటిని నిలుపుకొనుట పనివారి అలవాటు. మసక ఎఱుపు కనబడగనే రేకును తీసివేయును. ఉక్కును మెత్తబరచుటకు నెమ్మదిగా చల్లార్చవలెను గాని, రాగికిని ఇత్తడికిని ఆ నియమము లేదు. నీటిలో ముంచినను అవి మెత్తగనే యుండును, పైగా కాలిన నలుపు కొంత ఊడిపోవును.

నిప్పులో జరిగినదేమి? వేడి తగిలిన పరమాణువులకు కదులుటకు బలము వచ్చును. చిక్కుపడిన పాత స్ఫటికముల నడుమ చిక్కులేని క్రొత్త స్ఫటికములు మొలకెత్తి, పాతవానిని తినివేయుచు పెరుగును. శాస్త్రజ్ఞులు దీనిని పునఃస్ఫటికీకరణమందురు. ఇది పూర్తియైన క్షణమున లోహము మరల బాలప్రాయమైన మెత్తదనమును పొందును. కాని ఆ క్షణము దాటి ఇంకను వేడిలో ఉంచినచో, క్రొత్త స్ఫటికములే ఒకదానినొకటి మ్రింగి లావెక్కును. అట్టి రేకును తరువాత సాగదీసినప్పుడు నునుపు చెడి, కమలాపండు తొక్కవలె గరుకు తేలును. ఇత్తడిలో మరియొక ప్రమాదము కలదు. అందలి జింకు 907 డిగ్రీల వద్దనే మరుగును గనుక, కాక మితిమీరినచో తెల్లని పొగయై లేచిపోవును. ఆ పొగ పనివాని ఊపిరికి కీడు, లోహపు పాళ్లకు నష్టము. రాగికి 375 మొదలు 650 డిగ్రీల వరకును, ఇత్తడికి సుమారు 425 మొదలు 750 డిగ్రీల వరకును కాక పనికివచ్చునని గ్రంథములు చెప్పును. ఆ యెడములో ఎక్కడ ఆపవలెనో, ఎంతసేపు ఉంచవలెనో, అంతకుముందు లోహము ఎంత దెబ్బ తిన్నదో దానిని బట్టి యుండును. ఈ విద్య యంతయు ఆపవలసిన చోటును ఎఱుగుటలోనే ఉన్నదని నా దృఢవిశ్వాసము.

కాక చాలనప్పుడు వచ్చు అనర్థము గట్టితనముతో ముగియదు. బ్రిటిషు వారి కాలమున భారతదేశములోని సైనిక స్థావరములలో నిలువయుంచిన ఇత్తడి తూటాల తొడుగులు, ఎవరును ముట్టకుండగనే, వానకాలము వచ్చునప్పటికి నిలువునా పగిలిపోవుచుండెను. వానలు పడు ఋతువులోనే ఇట్లగుటచే దానికి ఋతువుతో ముడిపెట్టిన పేరే వచ్చినది. ఇంగ్లండులోని లోహశాస్త్రజ్ఞులు ఎన్నో పరీక్షలు చేసి 1921 ప్రాంతమున అసలు కారణమును స్థాపించిరి. తూటాలను గుఱ్ఱపుసాలలలో దాచుచుండిరి. గుఱ్ఱముల మూత్రమునుండి పుట్టిన అమ్మోనియా తేమగాలిలో కలిసి ఇత్తడిని తాకుచుండెను. కాని అమ్మోనియా ఒక్కటే దోషి కాదు. అచ్చులో లాగినప్పుడు ఇత్తడి గోడలో మిగిలిపోయిన బిగువు లోపలినుండి దానిని చీల్చ చూచుచుండగా, అమ్మోనియా ఆ చీలికకు దారి చూపినది. సుమారు 250, 300 డిగ్రీలవద్ద కొంతసేపు కాచి ఆ బిగువును సడలించినంతనే పగుళ్లు ఆగిపోయినవి. స్ఫటికములు మారనవసరము లేదు, గట్టితనము తగ్గనవసరమును లేదు; బిగువు సడలిన చాలును. ఇత్తడి గొట్టములతో పనిచేయువారందరు నేటికిని జ్ఞాపకముంచుకొనవలసిన చరిత్ర యిది. పశువులపాకలోనో ఎరువుల గదిలోనో వాడుకకు పెట్టిన ఇత్తడి గొట్టము కారణము తెలియక చీలినప్పుడు ఈ జంటదోషమును మొదట శంకింపవలెను.

ఇక కొలిమి లేని కాకను గూర్చి చెప్పెదను. 1831లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొనెను. ఆయన కమ్మరి కుమారుడు. బొగ్గు, తిత్తి అక్కరలేని అగ్నికి మూలసూత్రము కమ్మరి యింట పుట్టినవానికే దొరకుట నాకు ఎంతయు సంతోషము కలిగించు సంగతి. తరువాత 1855లో ఫ్రాన్సులో ఫూకో, అయస్కాంతము నడుమ తిరుగు లోహపు బిళ్ల వేడెక్కుటను చూపి, లోహములో పుట్టు సుడి ప్రవాహములను లోకమునకు ఎఱిగించెను. వెనుకటి శాస్త్రజ్ఞులు నష్టమని భావించి తగ్గించుటకు పాటుపడిన ఆ వేడినే, 1916 ప్రాంతమున ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్విన్ నార్త్రప్ అధిక పౌనఃపున్యముగల విద్యుత్తుతో పెంచి, లోహములను కరగించు కొలిమిగా రూపొందించెను.

దాని పద్ధతి యిది. ఒక చుట్టలో సెకనుకు వేలమారులు దిశ మార్చుకొను విద్యుత్తును పంపినచో, చుట్టలోపల అయస్కాంతక్షేత్రమును అన్నిమారులు దిశ మార్చుకొనును. ఆ చుట్ట నడుమనుండి, దానికి తగులకుండ, లోహపు గొట్టమును పోనిచ్చినచో గొట్టపు గోడలోనే విద్యుత్తు పుట్టి దాని చుట్టుకొలతవెంబడి తిరుగును. లోహము చూపు నిరోధమువలన ఆ విద్యుత్తు వేడిగా మారును. పలుచని గొట్టమును నిలువున ఒక చీలిక చీల్చి చుట్టలో పెట్టినచో ఆ ప్రవాహమునకు చుట్టి వచ్చుటకు దారి లేక వేడి చాలవరకు పడిపోవును. కొలిమిలో వేడి వెలుపలినుండి లోనికి ప్రాకవలెను. ఇక్కడ అది గోడ మందములోనే జనించును. చుట్ట మాత్రము చల్లగనే యుండవలెను గనుక దానిని కూడ రాగి గొట్టముతోనే చేసి, దానిలోపల నిరంతరము నీటిని పారింతురు. నీరు పారు గొట్టము చుట్టునుండగా, నడుమ నున్న గొట్టము కాగుచు సాగిపోవుట నిజముగా చూడదగిన దృశ్యము.

ఇప్పుడు ఇత్తడి గిన్నె చిక్కుముడిని విప్పవచ్చును. ఈ సుడి ప్రవాహములు లోహమంతట సమముగా వ్యాపింపక పైపొరకే అంటియుండును; పౌనఃపున్యము పెరిగినకొలది ఆ పొర పలుచబడును. రాగిలో మన ఇళ్లకు వచ్చు 50 హెర్ట్‌జుల విద్యుత్తుకు ఆ పొర 9 మిల్లీమీటర్లకు పైచిలుకు. 10,000 హెర్ట్‌జులకు ముప్పాతిక మిల్లీమీటరుకన్న తక్కువ. ఇనుమునకు అయస్కాంత గుణముండుటచేత ఆ పొర మరింత పలుచనై, విద్యుత్తు ఇరుకుదారిలో పడి ఎక్కువ నిరోధమును ఎదుర్కొనును. వంటింటి పొయ్యి ఇరవైవేల హెర్ట్‌జులకు పైబడి పనిచేయుచున్నప్పుడు, ఇనుప గిన్నె అడుగు చూపు నిరోధము రాగి గిన్నె అడుగు చూపుదానికి కొన్ని పదుల రెట్లుండును. ఆ పొయ్యిని ఇనుమునకు తగినట్లు నిర్మించిరి. రాగి ఎదుటబడినప్పుడు అది తనకు తగిన పాత్ర కాదని గుర్తించి ఆగిపోవును. కర్మాగారములోనో, గొట్టము చుట్టకు పైన గాక నడుమ నుండును. విద్యుత్ప్రవాహము అనేక రెట్లు ఎక్కువ. పౌనఃపున్యము గొట్టపు గోడను బట్టి ఎంచుకొనబడును. ఏసీ గొట్టపు గోడ మందము సాధారణముగా మిల్లీమీటరులో మూడవవంతు మొదలు ముప్పాతికవంతు వరకు ఉండును గనుక, పదివేల హెర్ట్‌జుల ప్రాంతమున వేడి గోడ మందమంతట వ్యాపించును. ఇత్తడి నిరోధము రాగికి సుమారు నాలుగు రెట్లు. కనుక ఇట్టి చుట్టలో ఇత్తడి రాగికన్న సులభముగానే వేడెక్కును.

రాగిని రాగి చుట్టతో వేడిచేయునప్పుడు శక్తిలో దాదాపు సగము చుట్టలోనే ఖర్చై నీటితో కొట్టుకొనిపోవును. ఇది నిజమైన లోపమే. అయినను లెక్క చూడుడు: కిలో రాగిని మన గదివేడినుండి 600 డిగ్రీలకు తెచ్చుటకు సిద్ధాంతరీత్యా కావలసినది యూనిట్టులో సుమారు పదునైదవవంతు విద్యుత్తు. సగము వ్యర్థమైనదనుకొన్నను, ఒక్క యూనిట్టుతో ఏడు కిలోల రాగిని మెత్తబరచవచ్చును. బొగ్గుల కొలిమిలో వేడి అధికభాగము గాలిలో కలియుటయే గాక, పని లేనప్పుడును నిప్పును కాపాడుకొనవలెను. చుట్టకు మీట నొక్కినచో మొదలు, వదలినచో తుది.

తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ కంపెనీల ఏసీ కర్మాగారములు వెలసినవి. ఏసీలలో వాడు గొట్టములలో చాలవాటికి లోపలివైపున సన్నని గాడులుండును. వాయువునకును గోడకును వేడి మార్పిడి త్వరగా జరుగుటకై ఆ గాడులు. గట్టిపడిన గొట్టములో గాడి పడదు. అందుచేత గాడులు తీర్చుటకు ముందు, వేగముగా పరుగిడు గొట్టమును ఇండక్షన్ చుట్టగుండ పోనిచ్చి మెత్తబరచుట ఆ తయారీలో వాడుకయందున్న పద్ధతి. చుట్ట దాటిన వెంటనే నీరు తాకి గొట్టము చల్లారును. గాలి తగిలి నలుపెక్కకుండ దారి పొడవున నత్రజని నిండియుండును. గొట్టము చుట్టలో ఉండునది లిప్తకాలమే గనుక, బట్టీలో గంటసేపు ఉంచుటకన్న కొంత హెచ్చు వేడి ఈయవలెను. కాని లావెక్కుటకు వ్యవధి దొరకదు గనుక స్ఫటికములు సన్నముగా నిలుచును. కంచరి కంటితో చూచిన మసక ఎఱుపు ఇక్కడ గొట్టపు వేగముగా, విద్యుత్తు బలముగా, చుట్ట పొడవుగా మారినది. ఈ మూటిలో ఏ ఒక్కటి తప్పినను మైళ్లకొలది గొట్టము చెడును.

ప్రతి లోహమునకు ఈ పద్ధతి తగదని కూడ చెప్పవలెను. 1971లో హైదరాబాదున నెలకొన్న అణు ఇంధన సముదాయములో జిర్కోనియము మిశ్రలోహముతో అణు రియాక్టర్లకు గొట్టములు చేయుదురు. వానిని చల్లగా పలుమారు సన్నబరచుచు, నడుమ నడుమ మెత్తబరచవలసినదే. కాని వేడెక్కిన జిర్కోనియము గాలిలోని ప్రాణవాయువును, నత్రజనిని పీల్చుకొని పెళుసెక్కును. రాగికి రక్షకమైన నత్రజని దీనికి శత్రువు. అందుచేత అక్కడ గాలి తోడివేసిన బట్టీలలో, శూన్యములో, నిదానముగా కాక పెట్టుదురు. వేగము ఎల్లచోట్ల గుణము కాదు.

మా ఊరి బజారులో ఫ్రిజ్జులు బాగుచేయు పనివానికి ఈ మెత్తబరచు విద్యతో నిత్యము పనిపడును. చుట్టగా అమ్ము గొట్టము మెత్తనిది. నిలువు ముక్కలుగా వచ్చునది గట్టిది. గట్టి గొట్టపు అంచును విప్పి నట్టు బిగింపవలసినచో, ముందుగా అంగుళము మేర గ్యాసు మంటతో మసక ఎఱుపునకు తెచ్చి చల్లార్చును. అప్పుడు అంచు చీలక గంటవలె విచ్చుకొనును. అయితే మంట తగిలిన చోట గొట్టము లోపల నల్లని పొర ఏర్పడి, అది పెచ్చులై ఊడి, వెంట్రుకవంటి సన్నని గొట్టములో అడ్డుపడి, కొన్ని నెలలకు యంత్రమును ఆపివేయగలదు. తుదిని చక్కగా తుడిచి, వీలైనచో లోపలికి నత్రజనిని మెల్లగా వదలుచు కాచుటయే దీనికి ఉపాయము.

బుడితి వంటి చోట్ల ఉమ్మడి పనిశాలలో పదిపదిహేను కిలోవాట్ల ఇండక్షన్ యంత్రమొకటి నెలకొల్పుట మేలని నా అభిప్రాయము. విద్యుత్తుతో కొలిమి నడుపుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. విజయనగరం జిల్లా గరివిడి యొద్ద ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారములో విద్యుత్ కొలుములు దశాబ్దములుగా మండినవి. అవి మెఱుపువంటి జ్వాలతో ఖనిజమును కరగించునవి, ఇది వేరు జాతి. కాని విద్యుత్తును చూచి వెరచు ప్రజలము మనము కాము. క్రొత్త పరికరము వచ్చినచో పాత విద్య చచ్చునని భయపడువారికి మా ఊరి సంగతి నొకటి చెప్పెదను. పొందూరులో నూలు వడకు స్త్రీలు పత్తిని శుభ్రపరచుటకు నేటికిని వాలుగ చేప దవడను వాడుదురు. అది పాతదని కాదు వాడుట. ఆ సన్నని పండ్లవలె పత్తిపోగును నొప్పింపక విడదీయు సాధనము వేరొకటి వారికి దొరకలేదు. పరికరమునకు కొలత అది పదార్థమునకు చేయు మేలే. ఆ కొలతతో చూచినచో, పొగ లేక, ఊపిరికి బరువు కాక, వలసిన చోటనే వలసినంత వేడినిచ్చు చుట్టను కంచరి చేతికీయుట అతని సుత్తెకు అవమానమెంతమాత్రము కాదు.

అయితే తొందర కూడదు. చుట్ట దేనికి దానికి వేరుగా చేయవలసియుండును. ఒకే లావుగల గొట్టమునకు, కడ్డీకి, కంకణమునకు చుట్ట చేయుట సులభము. మెడ సన్నమై కడుపు ఉబ్బిన బిందెకు ఒకే చుట్ట అమరదు, మెడ కాలిపోవునప్పటికి కడుపు ఇంకను కాగదు. కనుక మొదట గొట్టములతోను, పాత్రల అంచులతోను ప్రారంభింపవలెను. చుట్టకు పారు నీరు శుభ్రమైనదై, ఆగని ధారయై యుండవలెను; నీరు ఆగిన కొద్ది క్షణములకే చుట్ట కరగగలదు. పనిచేయువాడు ఉంగరమును, కడియమును తీసి ప్రక్కన పెట్టి పనికి రావలెను. అవియు ముడిపడిన వలయములే గనుక చుట్ట సమీపమున వ్రేలిమీదనే వేడెక్కును. గుండెలో పేస్‌మేకర్ అమర్చుకొన్నవారు ఆ యంత్రము దరిదాపులకు రాగూడదు. ఇక కాక సరిపోయినదా లేదా అన్నది తెలిసికొనుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు: కాచిన గొట్టపు తునకను తీసికొని దాని తుదిలోనికి సూదిమొనగల ఇనుప కడ్డీని సుత్తెతో మెల్లగా దింపుడు, అంచు చీలక, గరుకెక్కక, నునుపుగా విచ్చుకొన్నచో ఆ కాకను, ఆ వేగమును, ఆ కాలమును గోడమీద వ్రాసియుంచి తరువాతి గొట్టమును చుట్టలోనికి పంపవచ్చును.